అపరాధ పరిశోధక నవలయు, స్వలింగానురాగుల పాఠకలోకమును

గ్రంథచరిత్రలు వ్రాయువారు తఱచుగా కవులను గూర్చియు, ప్రచురణకర్తలను గూర్చియు వ్రాయుదురు. పాఠకులను గూర్చి వ్రాయువారరుదు. ఇది చిట్టాలో జమ వ్రాసి ఖర్చు వ్రాయకుండుట వంటిది. రసము సహృదయునియందు నిష్పన్నమగునని మన ఆలంకారికులు నిర్ణయించియున్నారు గావున, పాఠకుని పద్దు చేర్చనిచో సారస్వతపు లెక్క సరిపడదు. మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన యీ శుభసమయమున, కోరిన పుస్తకము చేతబట్టుటకే జంకవలసివచ్చిన యొక పాఠకలోకముయొక్క చరిత్రను సభ్యులకు నివేదింపదలచితిని.

పురుషుడు పురుషునియందును, స్త్రీ స్త్రీయందును ప్రేమ నిలుపుటకు స్వలింగానురాగమని పేరు. 1950 నాటికి అమెరికాలోని అన్ని రాష్ట్రములందును అట్టి పురుషుల సంయోగము శిక్షార్హమగు నేరము. స్త్రీలైనను, పురుషులైనను సంగతి బయటపడినచో కొలువు పోవును, బంధువులు దూరమగుదురు. అట్టివారు తమ బ్రదుకుల జాడను పుస్తకములందు వెదకికొనిరి. కాని అపరాధ పరిశోధక నవలలలో వారికి ప్రాయికముగా దొరకిన వేషములు రెండే: హంతకుడు, హతుడు. 1930లో వెలువడిన డాషియల్ హామెట్ నవల ‘మాల్టీస్ ఫాల్కన్’లోని జోయెల్ కైరో ఇట్టి దుష్టపాత్రయే.

1952లో మేరిజేన్ మీకర్ అను రచయిత్రి విన్ ప్యాకర్ అను మాఱుపేరుతో ‘స్ప్రింగ్ ఫైర్’ అను నవల వ్రాసెను. ఇద్దఱు విద్యార్థినుల ప్రేమ అందలి వస్తువు. కథ సుఖాంతమైనచో తపాలాశాఖవారు ప్రతులను ఆపివేయుదురని ప్రచురణకర్త ముందుగనే హెచ్చరించెను. అందువలన ఒకతెకు మతి చలించుటతోను, రెండవయామె తానెన్నడును ప్రేమింపలేదనుకొనుటతోను కథ ముగిసెను. అయినను ఆ పుస్తకము పదిలక్షల ప్రతులకు మించి చెల్లెను. మన లాక్షణికులు రూపకమునకు మంగళాంతమును విధించిరి. అచటి తపాలాశాఖ యీ ప్రేమికులకు అమంగళాంతమును విధించినది!

ఆ సంవత్సరముననే మఱియొక నవల యీ కట్టును త్రెంచెను. ‘స్ట్రేంజర్స్ ఆన్ ఎ ట్రెయిన్’ అను నేరకథతో ప్రసిద్ధి కెక్కిన పట్రీషియా హైస్మిత్, క్లేర్ మోర్గన్ అను మాఱుపేరుతో ‘ది ప్రైస్ ఆఫ్ సాల్ట్’ను వెలువరించెను. అంతకుముందు ఆమె నవలను ప్రచురించిన సంస్థ దీనిని నిరాకరింపగా, వేఱొక సంస్థ అచ్చొత్తించెను. అంగడిలో పనిచేయు థెరీస్ అను యువతికిని, భర్తతో విడాకుల వ్యాజ్యములోనున్న కేరల్‌కును కలిగిన అనురాగమే కథ. భర్త నియమించిన గూఢచారి వారి కారును వెంబడించి, దాచియుంచిన యంత్రముతో మాటలను గ్రహించును. బిడ్డయా, ప్రియురాలా అను ధర్మసంకటము కేరల్‌కు కలుగును. శృంగారమును, భయానకమును ఒకదానినొకటి పోషించు నీ కథలో, తుదకు ప్రేమికురాండ్రిద్దఱును మరల కలిసికొందురు.

1953లో చౌకప్రతి వెలువడినపిమ్మట రచయిత్రికి ఉత్తరములు వెల్లువగా వచ్చెను. వారమునకు రెండుమారులు కట్టలుగా, మాసముల తరబడి వచ్చుచుండెనని ఆమెయే తరువాత వ్రాసికొన్నది. తమవంటివారు చావకుండ ముగిసిన కథను చదివితిమని కొందఱు కృతజ్ఞత తెలిపిరి. చిన్నయూళ్లలో ఒంటరిగా నున్నవారు సలహా యడిగిరి. అయినను ఆమె ఆ గ్రంథముపై తన పేరు వేసికొనుటకు 38 ఏండ్లు పట్టినది. ఇచట కొంత ఆలోచింపవలసియున్నది. ఉత్తరము వ్రాసినవారికి రచయిత్రి నిజనామము తెలియదు. వారి నామము ఇరుగుపొరుగునకు తెలిసినచో వారి బ్రదుకునకే ముప్పు. ఇరువైపుల ముసుగులుండగా, నడుమ సత్యము పలికినది పుస్తకమొక్కటియే.

1953లో లాస్ ఏంజెలిస్‌లో స్థాపితమైన ‘వన్’ అను పత్రికయొక్క సంచికను 1954లో తపాలాధికారి అశ్లీలమని ఆపివేసెను. క్రింది న్యాయస్థానములు రెండును అతని పక్షముననే తీర్పు చెప్పినవి. కాని 1958 జనవరి 13న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసెను. స్వలింగానురాగమును ప్రస్తావించినంతమాత్రమున రచన అశ్లీలము గాదని దీనివలన తేలినది.

ఆ పత్రికకు జేమ్స్ కోల్టన్ అను పేరుతో రచనలు చేసిన జోసెఫ్ హాన్సెన్, 1970లో స్వనామముతో ‘ఫేడవుట్’ అను నవలను ప్రకటించెను. నాయకుడు డేవ్ బ్రాండ్‌స్టెటర్ పోలీసు గాడు, బీమా సంస్థలో మరణపు క్లెయిములను విచారించు ఉద్యోగి. లెక్కలతో ప్రొద్దుపుచ్చు నావంటివానికి ఈ వృత్తి మిక్కిలి రుచించినది. వాగులో పడిన కారు దొరకినది గాని దేహము దొరకలేదు. ఇక సొమ్ము చెల్లింపవచ్చునా? ఈ చిక్కును విప్పు నాయకుడు, పెక్కేండ్లు తనతో కాపురముండి గతించిన సహచరునికై లోలోపల దుఃఖించుచుండును. ఆ దుఃఖమును హాన్సెన్ వింతగా చూపక, ఏ గృహస్థునకైనను కలుగు దుఃఖమునువలెనే చూపెను. చట్టము అపరాధి యన్నవాడే ఇచట అపరాధ పరిశోధకుడయ్యెను. 1991 వరకు ఈ వరుసలో పండ్రెండు నవలలు వెలువడినవి. 1987 నాటి ‘ఎర్లీ గ్రేవ్స్’ ఎయిడ్సు వ్యాధిగ్రస్తుల హత్యలను గూర్చినది. పాఠకులు తమ యిండ్లలోని శోకమునే అందు చదివికొని యుందురు.

ఈ మక్కువకు హేతువేమి? రహస్యమును దాచుకొని బ్రదుకువాడు ఇతరుల మాటలలోని ధ్వనిని, చూపులలోని ఇంగితమును నిత్యము పరిశీలించుచునే యుండును. పరిశోధకుని విద్య అతనికి అనుభవవేద్యము. అదిగాక, పరిశోధక నవల తుదకు నిజమును వెల్లడించి తీరును. నిజము వెల్లడియైనను నాయకుడు నిలిచియుండుట ఆ పాఠకులకు గొప్ప ఊరట.

ఇట్టి పుస్తకములకు ప్రత్యేకముగ అంగళ్లును వెలసినవి. 1967లో క్రెయిగ్ రాడ్వెల్ న్యూయార్కులో ఆస్కార్ వైల్డ్ పేర నెలకొల్పిన దుకాణము 2009 వరకు నడచెను. లండనులో 1979లో తెఱచిన ‘గేస్ ద వర్డ్’పై 1984 ఏప్రిలులో సుంకపు అధికారులు పడి, విదేశములనుండి తెప్పించిన పెక్కు పుస్తకములను పట్టుకొనిపోయిరి. వానిలో టెన్నెసీ విలియమ్స్, గోర్ విడాల్ వంటి ప్రసిద్ధుల రచనలును గలవు. నిర్వాహకులపై వ్యాజ్యము నడచెను. పాఠకులు చందాలు పోగుచేసి నిలువగా, 1986లో అభియోగములు ఉపసంహరింపబడినవి. అమెరికాలో కేథరిన్ ఫారెస్ట్ పోలీసు నాయికను, మైకేల్ నావా న్యాయవాది నాయకుని సృష్టించిరి. 1989లో మొదలైన లాంబ్డా సాహిత్య పురస్కారములలో ఇట్టి పరిశోధక నవలలకు వేఱుగా బహుమతి యేర్పడెను.

మన దేశమున 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ నిబంధన, పెద్దల పరస్పరాంగీకారమునకు వర్తింపదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పెను. తీర్పుతో భయమంతయు తీఱునని తలంపరాదు. మన యూరిలోను తన పుస్తకమును పేరు పెట్టి యడుగజాలని పాఠకుడు ఉండవచ్చును. ప్రతి పాఠకునికి తగిన గ్రంథము లభింపవలెనని రంగనాథన్ మహాశయుడు 1931లోనే గ్రంథాలయ సూత్రములందు నిర్దేశించియున్నారు. అరువు పుస్తకము వ్రాయువారు గ్రంథము పేరును, గడువు తేదిని వ్రాసికొనినచో చాలును. చదువరి మనస్సును విచారింపబనిలేదు. ఏ చదువరియు తలవంచుకొని వెడలిపోవలసిన పనిలేని చోటుగా మన గ్రంథాలయము వర్ధిల్లి, స్వర్ణోత్సవమును కనులపండువుగా జరుపుకొనుగాక!