ఘోషకు గల చరిత్ర: 'స్కమ్' రికార్డును గురించి

కళలో రూపమెంత, వస్తువెంత అన్న చర్చ మనకు కొత్తది కాదు. కాని మాట వినబడని పాటకు రాజకీయం వుంటుందా అన్న ప్రశ్న మన చర్చలలో అంతగా రాలేదు. బర్మింగ్‌హామ్ ప్రాంతపు యువకులు 'నాపామ్ డెత్' అన్న పేరుతో 1987లో వెలువరించిన 'స్కమ్' ఆ ప్రశ్నను సూటిగా మన ముందుంచుతుంది. స్కమ్ అనగా నీటిమీద తేలే మురికి తెట్టు. అట్టడుగువారిని యీసడించటానికి పైవారు వాడే తిట్టు కూడాను. ఈ రికార్డును ఉత్త అరుపులని కొట్టిపారవేసే పండితులున్నారు. దాని పుట్టుక తెలిసిన తరువాత అంత తేలికగా తీర్పు చెప్పలేమని నా అభిప్రాయం.

ఈ బృందం 1981లో బర్మింగ్‌హామ్‌కు సమీపంలోని మెరిడెన్ గ్రామంలో ఏర్పడినది. కార్మికోద్యమ చరిత్ర చదివినవారికి ఆ వూరి పేరు తెలిసినదే. అక్కడి ట్రయంఫ్ మోటారు సైకిళ్ళ ఫ్యాక్టరీని మూసివేస్తామని 1973లో యాజమాన్యం ప్రకటించగా కార్మికులు ఫ్యాక్టరీని ఆక్రమించారు. లేబర్ ప్రభుత్వంలో టోనీ బెన్ పరిశ్రమల మంత్రిగా అండగా నిలువగా, 1975లో ప్రభుత్వ రుణంతో సహకార సంఘంగా ఏర్పడి తామే నడుపుకొన్నారు. 1983లో ఆ సంఘం దివాలా తీసినది. ఈలోగా 1979లో థాచర్ అధికారానికి వచ్చింది. 1982 నాటికి బ్రిటన్‌లో నిరుద్యోగులు 30 లక్షలు దాటారు. 1984 మార్చిలో మొదలైన గని కార్మికుల సమ్మె ఏడాది సాగి ఓడిపోయింది. సహకార సంఘం వల్లనే యీ పాటలు పుట్టినవని నేననను. కాని ఫ్యాక్టరీలో చేరవలసిన యీడు వచ్చేసరికి ఫ్యాక్టరీలే మూతబడిన తరం వీరిదన్న సంగతి మరువరాదు.

అదే బర్మింగ్‌హామ్‌కు చెందిన 'బ్లాక్ సబ్బాత్' మొదటి రికార్డు 1970లో వెలువడినది. దాని గిటారు వాద్యగాడు టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీలో యంత్రం కింద వేలికొనలు పోగొట్టుకున్న కార్మికుడు. ఆ సంగీతంలో యంత్రపు బరువు వున్నది. 'స్కమ్'లో ఉన్నది యంత్రం ఆగిపోయిన తరువాతి కోపం. రాజ్యాన్నీ యుద్ధాన్నీ తిరస్కరించిన అరాచకవాద పంక్ నుంచి ఆ కోపానికి భాష వచ్చింది; 'క్రాస్' బృందం 1984లో తెచ్చిన సంకలనంలో వీరి పాట ఒకటి చేరింది. బృందం పేరులోని నాపామ్, అమెరికా వియత్నాం పల్లెలపై కురిపించిన నిప్పు.

రికార్డు మొదటి వైపు 1986 ఆగస్టులో తయారైనది: నిక్ బులెన్, జస్టిన్ బ్రాడ్రిక్, మిక్ హారిస్. రెండవ వైపు 1987 మేలో. అప్పటికి డ్రమ్ముల హారిస్ తప్ప పాతవారు లేరు. లీ డోరియన్, బిల్ స్టీర్, జిమ్ వైట్లీ వచ్చారు. నాటింగ్‌హామ్‌లోని చిన్న కంపెనీ 'ఇయరేక్' దీనిని ప్రచురించినది. సుమారు 33 నిమిషాలలో 28 పాటలు. ఊపిరి తిప్పుకోనివ్వని డ్రమ్ముల వేగానికి 'బ్లాస్ట్ బీట్' అని పేరు. ఈ ధోరణికి 'గ్రైండ్‌కోర్' అని పేరు. 'యూ సఫర్' అన్న పాట సెకను పైచిలుకు మాత్రమే. అందులో వున్నది బాధపడేవానిని కారణమడిగే ఒక్క ప్రశ్న. బి.బి.సి. రేడియోలో జాన్ పీల్ వీరిని దేశానికంతా వినిపించాడు.

"మాటే అర్థం కానప్పుడు ప్రజలకు యీ పాటెందుకు?" అని నా విద్యార్థి ఒకడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. తొలిపాట పేరు బహుళజాతి కంపెనీలది. జెఫ్ వాకర్ గీసిన అట్టమీద సూటు దొరలు, ఆకలి మనుషులు, పుర్రెల గుట్ట, కంపెనీల ముద్రలు. వస్తువు స్పష్టమే. రూపం దానిని మింగివేసిందనటం సగం నిజం. పనీ లేక, వినే నాథుడూ లేక పెరిగినవాని గొంతు, శ్రావ్యంగా పలికినట్లయితే అబద్ధమయ్యేది.

మిగిలిన సగం కూడా చెప్పాలి. గర్జన మనిషిని మేల్కొలుపుతుంది గాని సంఘటితపరచదు. సెకను పాట గిన్నిస్ పుస్తకంలో వింతగా చేరిపోయింది. 1993లో ఇయరేక్ కంపెనీ, సోనీ అధీనంలోని కొలంబియాతో పంపిణీ ఒప్పందం చేసుకున్నది. బహుళజాతి కంపెనీలను తిడుతూ ఆరంభమైన బృందం 1994 నాటి రికార్డు ఆ దారినే బజారుకెక్కింది. అప్పటికి 'స్కమ్' చేసినవారిలో ఒక్కరూ బృందంలో లేరు. ఇది వ్యక్తుల ద్రోహం కాదు. తిరుగుబాటును సైతం సరుకుగా మార్చగల వ్యవస్థ బలమది.

అందుచేత 'స్కమ్'ను మనం నమూనాగా కాక సాక్ష్యంగా చదవాలి. మెరిడెన్ కార్మికులు ఫ్యాక్టరీని చేతిలోకి తీసుకున్నారు. వారి తరువాతి తరానికి చేతిలో మిగిలినది గిటారు. రెండింటి మధ్య గల దూరమే ఆ దశాబ్దపు ఓటమి. ఆ ఓటమి ఎంత లోతైనదో సమ్మె అంకెలు సగం చెబుతాయి. తక్కిన సగం యీ 33 నిమిషాల ఘోషలో వున్నది.