భవన నిర్మాణంలో రోబోలు: తెలంగాణ అనుభవం

మేస్త్రీ, కూలీ చేసే పనిని కంప్యూటరు ఆదేశాలతో నడిచే యంత్రాలకు అప్పగించే ప్రయత్నం మొదట జపాన్‌లో బలపడింది. పనివాళ్ల కొరత పెరుగుతున్న రోజుల్లో, 1983లో షిమిజు సంస్థ ఉక్కు దూలాలపై అగ్నినిరోధక పూత చల్లే ఎస్‌ఎస్‌ఆర్-1 రోబోను తెచ్చింది. 1990లలో అమెరికాలో బెహ్‌రోఖ్ ఖోష్‌నెవిస్ పొర మీద పొర పరిచి గోడ లేపే పద్ధతిని రూపొందించారు. నేటి త్రీడీ ముద్రణకు అదొక పునాది.

తెలుగునాట మిల్లర్, వైబ్రేటర్, రెడీమిక్స్ లారీ ముందొచ్చాయి. హైదరాబాద్ మెట్రో వంతెన భాగాలను ఉప్పల్, కుత్బుల్లాపూర్ యార్డుల్లో పోతపోసి, తెచ్చి బిగించారు. ఆంధ్రప్రదేశ్ టిడ్కో ఇళ్లకు షియర్‌వాల్ పద్ధతి వాడారు. అందులో గోడలు కూడా కాంక్రీటువే, ఇటుక కట్టుబడి ఉండదు.

అసలైన మలుపు సిద్దిపేట జిల్లా బూరుగుపల్లిలో వచ్చింది. అక్కడి చర్విత మెడోస్‌లో అప్సుజా ఇన్‌ఫ్రాటెక్, సింప్లిఫోర్జ్ క్రియేషన్స్ సంస్థలు 2023లో త్రీడీ ముద్రణతో ఆలయం నిర్మించాయి. విస్తీర్ణం 4,000 చదరపు అడుగులు, ఎత్తు 35.5 అడుగులు. వినాయకుడి గర్భాలయం మోదకం ఆకారంలో, శివుడిది చతురస్రంగా, పార్వతిది తామర ఆకారంలో ఉంటాయి. మోదకం వంపుకు సెంట్రింగ్ కొట్టాలంటే ఎంత నిపుణుడైన వడ్రంగికైనా కష్టమే. రోబో చేతికి మాత్రం వంపూ నిటారు గోడా ఒకటే. అయితే స్తంభాలు, స్లాబు, ఫ్లోరింగ్ పాత పద్ధతిలోనే జరిగాయి. ఈ సంగతి చెప్పకుండా ఆలయాన్ని పొగిడితే సగం నిజమే చెప్పినట్టు. అదే ఏడాది సింప్లిఫోర్జ్‌తో కలిసి ఐఐటీ హైదరాబాద్ ఆచార్యుడు కె.వి.ఎల్. సుబ్రహ్మణ్యం బృందం నమూనా పాదచారుల వంతెనను కూడా ముద్రించింది.

ముద్రణ పనిలో కష్టమంతా మాలు, అంటే కాంక్రీటు మిశ్రమం దగ్గరే. గొట్టంలో సాఫీగా జారాలి, బయటికొచ్చాక పై పొర బరువుకు కుంగకూడదు. ఎండ ముదిరితే తొందరగా బిగిసి, కింది పొరతో సరిగా అతుక్కోదు. గోడలో నిలువు కడ్డీలు పెట్టడం ఇంకో చిక్కు. ప్లంబింగ్, వైరింగ్, టైల్స్ ఇప్పటికీ మనిషి పనే.

మరి ఊళ్లలో సాధ్యమా? జనగామ జిల్లా కొడకండ్లనే తీసుకుందాం. 2020 అక్టోబరు 31న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర రావు అక్కడ రైతులు సమావేశమయ్యే రైతు వేదిక భవనాన్ని ప్రారంభించారు. అలాంటివి రాష్ట్రమంతటా 2,601 తలపెట్టారు. ఒకే తరహా భవనం వేల చోట్ల లేవాల్సినప్పుడు ఫ్యాక్టరీలో పోసిన గోడలు, యంత్రాలు గిట్టుబాటవుతాయి. అదే ఊళ్లో సొంత ఇల్లు కట్టుకునేవారి లెక్క వేరు. స్థలం చిన్నది, వాస్తు కోసం పని నడుమ గోడ జరుగుతుంది, డబ్బు చేతికందినప్పుడల్లా కొంత పని సాగుతుంది. ఒక్క ఇంటికోసం రోబోను లారీలో తెచ్చి బిగించడం దండగ. అక్కడ ఇంకా చాలాకాలం మేస్త్రీదే పైచేయి.

2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలు సొంతూళ్లకు వెళ్లిపోయి హైదరాబాద్ సైట్లు ఆగిపోయాయి. ఆ దెబ్బతో యంత్రాలవైపు మొగ్గు పెరగడం సహజం. కానీ యంత్రం వస్తే పని కోసం కూలీల అడ్డా మీద నిలబడే మనిషి ఏమవ్వాలి? 1996 చట్టంతో మొదలై, నిర్మాణ వ్యయంపై వసూలయ్యే కార్మిక సంక్షేమ సెస్సు ఉంది. ఆ డబ్బులో కొంత, రోబో నడపడం, మాలు కలపడం వంటి పనులు కార్మికులకే నేర్పడానికి ప్రభుత్వం ఇప్పటినుంచే ఖర్చుపెట్టాలి.