పెన్‌డ్రైవ్ చెడిపోతే: ముందు సమాచారం, తరువాత మరమ్మతు

యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్ 2000 సంవత్సరంలో విపణిలోకి వచ్చింది. వాడుకలో దీనిని పెన్‌డ్రైవ్ అంటారు. పెళ్ళి ఫోటోలను, పొలం పత్రాల నకళ్ళను, పెద్దల గొంతుల రికార్డులను ఇందులోనే దాచుకున్న కుటుంబాలు అనేకం. కంప్యూటరుకు తగిలించగానే ‘ఫార్మాట్ చేయాలి’ అన్న సందేశం కనిపిస్తే తొందరపడి అంగీకరించరాదు. ఫార్మాట్ వలన డ్రైవ్ పనిచేయవచ్చు గాని, అందులోని ఫైళ్ళు దక్కడం కష్టమవుతుంది.

లోపం గుర్తించుట

డ్రైవ్‌లో ముఖ్యమైన చిప్పులు రెండు. సమాచారాన్ని నిలువచేసేది ఫ్లాష్ మెమరీ. దానిని నడిపించేది కంట్రోలర్. మొదట డ్రైవ్‌ను మరో పోర్టులో, మరో కంప్యూటరులో తగిలించి చూడాలి. ఆపై విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌ను తెరవాలి. పరిమాణం సరిగా చూపి, పక్కన ‘రా’ అని ఉంటే సాధారణంగా ఫైళ్ళ పట్టిక మాత్రమే చెడినట్లు. ‘నో మీడియా’ అని ఉంటే కంట్రోలర్‌కు మెమరీ అందడం లేదని భావించవచ్చు.

సమాచారం వెలికితీయుట

టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ ఉచిత సాఫ్ట్‌వేర్లు. మొదటిది చెడిన విభాగాల పట్టికను సరిచేయగలదు. రెండవది ఫైళ్ళను వాటి లోపలి గుర్తులను బట్టి వెదకి తీస్తుంది. పాత పేర్లు మాత్రం చాలావరకు తిరిగి రావు. దొరికిన వాటిని అదే డ్రైవ్‌లో గాక వేరొక డిస్కులో భద్రపరచాలి. విండోస్‌లోని చెక్‌డిస్క్ డ్రైవ్‌పై మార్పులు చేస్తుంది గనుక దానిని ఈ పని ముగిసిన పిదపనే వాడాలి.

పరీక్ష, మరమ్మతు

ఖాళీ చేసిన డ్రైవ్‌ను హెచ్2టెస్ట్‌డబ్ల్యుతో పరీక్షించవచ్చు. లినక్స్‌లో ఇదే పనికి ఎఫ్3 ఉంది. ఇవి డ్రైవ్ నిండా సమాచారం వ్రాసి, తిరిగి చదివి సరిపోల్చుతాయి. పైన 64 జీబీ అని ముద్రించి లోపల 8 జీబీ మాత్రమే ఉన్న నకిలీ సరుకు ఈ పరీక్షలో బయటపడుతుంది.

చిప్‌జీనియస్ వంటి సాఫ్ట్‌వేర్ కంట్రోలర్ రకాన్ని తెలుపుతుంది. ఆ రకానికి తగిన తయారీదారు సాధనంతో కొన్ని డ్రైవ్‌లను తిరిగి పనిచేయించవచ్చు. అయితే అందులోని సమాచారమంతా చెరిగిపోతుంది. సరిపడని సాధనం వాడితే డ్రైవ్ పూర్తిగా పాడుకావచ్చు. ఊరూపేరూ లేని చోట్ల లభించే సాధనాల వెంట వైరస్‌లు వచ్చే ప్రమాదమూ ఉంది.

సాఫ్ట్‌వేర్‌కు లొంగనివి

విరిగిన కొన, కాలిన చిప్పు, అరిగిన మెమరీ సాఫ్ట్‌వేర్‌తో బాగుపడవు. అరిగిన మెమరీ గల డ్రైవ్ కొన్నిసార్లు చదవడానికి మాత్రమే వీలిచ్చి, వ్రాయనీయదు. అప్పుడు ఉన్నదంతా వెంటనే నకలు చేసుకోవాలి.

బాగుపడిన పెన్‌డ్రైవ్‌ను రవాణాకే గాని నిలువకు నమ్మరాదు. విలువైన సమాచారం ఎప్పుడూ రెండు వేర్వేరు చోట్ల ఉండాలి.