వ్రేలిముద్ర సమ్మతి యగునా?

దిల్‌సుఖ్‌నగరమునుండి ఎల్.బి. నగరము వఱకు గల రాజమార్గమున నడచువారికి వైద్యశాలల పేరుపలకలు పెక్కు కానవచ్చును. అట్టి చోట్లకు ప్రసవమునకై వచ్చు స్త్రీలలో నెందఱు కాగితములోని సంగతి గ్రహించి వ్రాలు చేయుచున్నారు? ఈ ప్రశ్నకు మన నగరమున పూర్వచరిత్ర కలదు.

1980 దశకమున భారత వైద్య పరిశోధన మండలి నెట్-ఎన్ అను గర్భనిరోధక సూదిమందును పరీక్షించెను. దానిని రెండునెలల కొకసారి వేయుదురు. మాత్రయైన మానవచ్చును, ఒడలిలోనికి పోయిన సూదిమందును వెనుకకు తీయ వీలులేదు. నగరమునకు పడమట నున్న పటాన్‌చెరు ఆరోగ్యకేంద్రమున స్త్రీలకు, ఇది గర్భము రాకుండ చేయు సూది యని చెప్పిరే కాని పరీక్షలోని మందని తెలుపలేదని హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన ఆక్షేపించెను. 1986లో ఆ సంఘము ఇతర మహిళాసంఘములతో గూడి సుప్రీంకోర్టు నాశ్రయించెను. 2000లో గాని ఆ వ్యాజ్యము ముగియలేదు. తగిన జాగ్రత్తలు లేక ఈ మందును కుటుంబనియంత్రణ కార్యక్రమమున ప్రవేశపెట్టబోమని ప్రభుత్వము మాట యిచ్చెను.

ఇందు గర్భిణి ప్రసక్తి యేమని పాఠకు లడుగవచ్చును. తాను గర్భవతినని యింకను ఎఱుగని స్త్రీ అట్టి సూది వేయించుకొనినచో, ఆమెతోపాటు మఱియొక ప్రాణియు పరీక్షకు లోనగును గదా!

అట్లని గర్భిణుల విషయమున పరిశోధనయే వలదని మేము చెప్పము. గర్భిణులయెడ తగిన పరీక్ష లేకయే థాలిడొమైడ్ అను మందును 1957 మొదలు జర్మనీలో విక్రయించిరి. 1961లో మానుకొనునప్పటికే వేలకొలది శిశువులు అంగవైకల్యముతో జన్మించిరి. పరిశోధన వలయును. తెలియజెప్పి చేయవలయును.

పటాన్‌చెరు పాఠము మనకు వంటబట్టెనా? 2009లో ఖమ్మము జిల్లా బాలికలకు గర్భాశయ కంఠపు క్యాన్సరు టీకాలు వేసిరి. ఆంధ్రప్రదేశమున పరిశీలించిన 9,543 సమ్మతిపత్రములలో 1,948 వ్రేలిముద్రలు, 2,763 వసతిగృహాధికారుల వ్రాళ్లు ఉండెనని 2013లో పార్లమెంటు స్థాయీసంఘము తెలిపెను. కన్నవారి స్థానమున కాపలాదారు వ్రాలు చేసెను!

చదువురాని వారి సమ్మతికి నిష్పక్షపాతియగు సాక్షి యుండవలెనని 2019 నాటి నియమములు విధించుచున్నవి. మంచిదే. కాని సాక్షి వ్రేలిముద్రను చూడగలడు, మనసులోని భయమును చూడలేడు. భర్తయు అత్తయు సలహా చెప్పవచ్చును. నిర్ణయము మాత్రము గర్భిణిదే. “వద్దు” అన్నను తనకు అదే వైద్యము, అదే ఆదరము దొరకునని ఆమె నమ్మగలిగిననాడే ఆమె “సరే” అనుట సమ్మతి యగును. అంతవఱకు అది కాగితముపై నంటిన సిరామాత్రమే.