ఛాయాచిత్రాలలో మన సీమ – ఒక అర్చకుని మననం



ఆలయ జీర్ణోద్ధరణ, కుంభాభిషేక మహోత్సవాల సందర్భంగా వెలువడుతున్న ఈ సంచిక మధ్యపుటలలో మన యువకులు తీసిన ఛాయాచిత్రాలు కొన్ని ఉన్నవి. తమ్మిలేరు, గుంటుపల్లి గుహలు, పెదవేగి దిబ్బలు, కొల్లేటి జలాలు వాటిలో కనిపిస్తాయి. ఆ చిత్రాలకు చారిత్రక వివరణగా ఒక వ్యాసం వ్రాయవలసిందని కార్యనిర్వాహకులు నన్ను కోరారు. వ్రాయడానికి కూర్చున్నప్పుడు నా చేతనే జరిగిన ఒక అపరాధం ముందుగా జ్ఞప్తికి వచ్చింది. దానిని చెప్పకుండా ఈ వ్యాసం సాగించడం ధర్మం కాదని తోచి, మొదట దానినే మీకు విన్నవించుకొంటున్నాను.

1984వ సంవత్సరం. మా తండ్రిగారి వద్ద నుండి నేను స్వామివారి కైంకర్యం స్వీకరించిన తొలిరోజులు. మన ఆలయ ముఖమండపంలో, లోనికి ప్రవేశించేటప్పుడు ఎడమవైపు గోడకు ఆనించి ఒక రాయి ఉండేది. ఇంచుమించు నిలువెత్తు రాయి. పైభాగాన సూర్యచంద్రుల బొమ్మలు, వాటి క్రింద పాత తెలుగు లిపిలో పంక్తులు. సున్నం పూతల వల్ల అక్షరాలు సగం పూడిపోయినవి. ఒకనాడు చరిత్ర చదువుకొంటున్న విద్యార్థి ఒకరు మెడలో కెమెరాతో వచ్చి, “పంతులుగారూ, గర్భాలయం జోలికి పోను. ఈ రాతిని మాత్రం ఫోటో తీసుకోనివ్వండి” అని ప్రాధేయపడ్డాడు. నేను వేదపాఠశాలలో చదువుకొన్నవాణ్ణి. కెమెరా అంటే ఏదో అపచారమని నా భావన. “దేవుడి సొత్తుకు ఫోటోలేమిటి నాయనా” అని త్రిప్పి పంపివేశాను.

1991లో ముఖమండపం వానకు కారుతున్నదని రాతి స్తంభాలు తొలగించి, సిమెంటు స్లాబు వేయించారు. పని జరిగిన రోజులన్నీ నేను అక్కడే ఉన్నాను. ఏ రాయి ఎటు పోతున్నదో చూడవలసినవాడిని నేనే. చూడలేదు. పని పూర్తయిన తర్వాత ఆ శాసనశిల కనబడలేదు. పునాదిలో పడిందో, ఏ మెట్టు క్రింద ఒదిగిందో ఎవ్వరూ చెప్పలేకపోయారు.

సూర్యచంద్రుల బొమ్మలున్న రాయి సాధారణంగా దానశాసనం. సూర్యచంద్రులు ఉన్నంతవరకు ఈ దానం నిలవాలని దాని అర్థం. ఎవరో ఒక దాత ఏనాడో ఈ స్వామికి భూమియో, దీపానికి గోవులో సమర్పించుకొని, తన పేరు రాతిపై వ్రాయించుకొన్నాడు. ఆ పేరు ఇంత గాలివానకు నిలిచి, నా అశ్రద్ధకు నిలువలేదు. ఆనాడు ఆ విద్యార్థి కెమెరా ఒక్కసారి నొక్కి ఉంటే, రాయి పోయినా ఆ పేరు మనకు మిగిలేది.

శాసనాల చివర పూర్వులు తప్పక వ్రాయించే మాట ఒకటున్నది. తాను ఇచ్చిన దానం కంటే పరులు ఇచ్చిన దానాన్ని కాపాడడం రెట్టింపు పుణ్యమని దాని సారాంశం. దీనినే పరదత్త పరిపాలనం అంటారు. నలభై ఏండ్ల క్రితం ఈ మాట నాకు కంఠస్థమే. దానిని ఆచరించడానికి కెమెరా కూడా ఒక సాధనం కాగలదని మాత్రం నాకు తట్టలేదు.

నిజానికి ఛాయ మన శాస్త్రానికి పరాయిది కాదు. చిత్రరూపంలో ఉన్న దేవతకు అభిషేకం చేయవలసి వస్తే ఎదురుగా అద్దం ఉంచి, అద్దంలోని ప్రతిబింబానికి చేస్తాము. ప్రతిష్ఠా సమయంలో బింబాన్ని నీటిలో ఉంచడం సాధ్యపడనప్పుడు దాని ప్రతిబింబానికి చేసే ఛాయాధివాసం ఉన్నది. రూపం అందనిచోట ఛాయ దాని స్థానాన్ని వహిస్తుందని పెద్దలు అంగీకరించారు. మూలవిరాట్టును చిత్రించరాదనే సంప్రదాయాన్ని నేను నేటికీ పాటిస్తాను. కాని మండపానికి, స్తంభానికి, శాసనానికి ఆ నిషేధాన్ని పొడిగించినది శాస్త్రం కాదు, నా అజ్ఞానం.

మన ఆంధ్రదేశంలో ఇటువంటి నష్టానికి పెద్ద ఉదాహరణ కృష్ణాతీరంలోని అమరావతి మహాస్తూపం. 18వ శతాబ్దం చివర కర్నల్ కాలిన్ మెకంజీ దానిని మొదట చూసే నాటికే అక్కడి పాలరాతి ఫలకాలు కొత్త కట్టడాలకు తరలిపోతున్నవి. కొన్ని సున్నంగా కాలిపోయినవి. మెకంజీ 1816లో తిరిగి వచ్చి తన చిత్రకారుల చేత ఫలకాలకు బొమ్మలు గీయించాడు. వాటిలో అనేక ఫలకాలు నేడు ఎక్కడా లేవు. ఆ గీతలలో మాత్రమే ఉన్నవి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసుకు చేరాయి. లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారి 1858లో అక్కడ వాటిని ఛాయాచిత్రాలుగా తీశాడు. మరుసటి ఏడే ఆ శిలలు ఓడలో లండన్‌కు వెళ్ళాయి. నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి. ఇక 1880లో మద్రాసు గవర్నరు ఉత్తర్వుతో స్తూపం దిబ్బ యావత్తూ తవ్వి శుభ్రం చేశారు. ఏ రాయి ఏ దిక్కున ఎంత లోతున ఉన్నదో సరిగా నమోదు చేయలేదు. చేసినవారి ఉద్దేశం మంచిదే. కాని స్తూపం ఉన్నచోట గొయ్యి మిగిలింది. 1991లో మన మండపం బాగుచేసినవారి ఉద్దేశమూ మంచిదేనని గుర్తు చేసుకొన్నప్పుడు నాకు ఈ కథ చాల దగ్గరగా తోస్తుంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ నాగార్జునకొండ. జలాశయంలో మునిగిపోబోయే ఆ లోయలో 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి నాయకత్వంలో తవ్వకాలు సాగినవి. కట్టడాలను కొలిచి, చిత్రించి, కొన్నింటిని కొండపైన, అనుపు వద్ద తిరిగి నిలబెట్టారు. లోయ నీటి క్రిందికి పోయినా దాని రూపం మనకు దక్కింది. శ్రద్ధతో నమోదు చేస్తే పోయినది కూడా పూర్తిగా పోదని ఇక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు మన చిత్రాల వద్దకు వద్దాం. యువకులు బయలుదేరినప్పుడు నేనూ వారి వెంట వెళ్ళాను. పూర్వం కెమెరాను త్రిప్పి పంపినవాడు ఈనాడు కెమెరా వెంట నడవడమే నాకు ప్రాయశ్చిత్తంగా తోచింది.

మొదటి చిత్రం తమ్మిలేరు. ఖమ్మం సీమ నుండి దిగివచ్చే ఈ ఏరుకు మన మండలంలోని నాగిరెడ్డిగూడెం వద్ద జలాశయం కట్టారు. ఉదయసంధ్య వేళ గట్టుమీద నిలిచి నేను సూర్యునికి అర్ఘ్యం ఇస్తూండగా యువకులు ఆ నీటిని చిత్రించారు. అక్కడి నుండి ఏరు క్రిందికి ప్రవహించి, ఏలూరును ఒరుసుకొని కొల్లేటిలో కలుస్తుంది. మన చింతలపూడి మెట్టకు, కొల్లేటి పల్లానికి ఈ ఏరే బంధుత్వం. అందుకే ఈ సంచికలోని చిత్రాలను ఏరు సాగిన దిశలోనే, మెట్ట నుండి పల్లానికి వరుసగా కూర్చవలసిందని కోరాను.

రెండవది గుంటుపల్లి. కామవరపుకోట మండలంలో జీలకర్రగూడెం వద్ద కొండలో తొలిచిన బౌద్ధక్షేత్రం. క్రీస్తుపూర్వపు శతాబ్దాల నాటిది. అక్కడి వర్తులాకార చైత్యగృహంలోకి ప్రవేశించి తల పైకెత్తితే, గుమ్మటం లోపలివైపు వాసాలు, దూలాలు కనిపిస్తాయి. అవన్నీ రాతిలో చెక్కినవే. ఆ కాలంలో కర్రతో కట్టుకొన్న ఇండ్ల కప్పులను శిల్పులు యథాతథంగా రాతిలోకి దింపారు. ఆ కర్ర కట్టడాలు ఏనాడో నశించాయి. వాటి రూపం ఈ రాతిలో నిలిచింది. చిత్రం తీస్తున్న యువకునితో, “నాయనా, నీవు ఇప్పుడు చేస్తున్న పనినే ఆ శిల్పి రెండువేల ఏండ్ల క్రితం ఉలితో చేశాడు” అన్నాను.

ఆ చైత్యం నడుమ ఉన్న స్తూపాన్ని మన ప్రజలు ధర్మలింగేశ్వరస్వామి అని కొలుస్తారు. మతం మారినా మ్రొక్కు మారలేదు. దానిని కట్టినవారు వేరు, కాపాడినవారు వేరు. పూలు పెట్టిన చోటును జనం పాడుచేయరు. పరదత్త పరిపాలనానికి ఇంతకంటె పెద్ద నిదర్శనం మన సీమలో నేనెరుగను.

మూడవది పెదవేగి. ఇదే ఒకనాటి వేంగీపురం. సాలంకాయన రాజులు ఇక్కడి నుండి ఏలుతూ, తమను చిత్రరథస్వామి పాదభక్తులుగా తామ్రశాసనాలలో చెప్పుకొన్నారు. చిత్రరథస్వామి అంటే సూర్యభగవానుడని పండితుల అభిప్రాయం. తరువాత తూర్పు చాళుక్యులకూ వేంగి రాజధాని అయింది. నేడు అక్కడ కనబడేవి దిబ్బలు, ఇటుకలు. 1980ల దశకంలో పురావస్తుశాఖవారు తవ్వకాలు జరిపారు. మా చిత్రంలో ఆ దిబ్బ మీద మధ్యాహ్నపు ఎండ తప్ప మరేమీ లేదు. ఈ చిత్రం సంచికలో ఎందుకని కొందరు అడిగారు. అంతటి రాజులు కొలిచిన దైవం పేరు మనదాకా వచ్చింది రాగిరేకుల మీద వ్రాసి ఉండబట్టే కదా! వ్రాత లేకపోతే ఆ నామం కూడా మట్టిలో కలిసేది. దిబ్బ మీది ఎండను చూసినప్పుడు నాకు చిత్రరథుని నామమే స్ఫురించింది. మీరూ ఆ పుట వద్ద ఒక్క క్షణం నిలవండి.

చివరిది కొల్లేరు. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ ఏర్పడిన మంచినీటి సరస్సు. తమ్మిలేరు, బుడమేరు మొదలైనవి తెచ్చిన నీటిని ఉప్పుటేరు సముద్రానికి చేరుస్తుంది. 1999లో దీనిని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. 2002లో అంతర్జాతీయ రాంసర్ జాబితాలో చేరింది. అప్పటికే చేపల చెరువుల గట్లు సరస్సును ముక్కలు చేశాయి. 2006లో ప్రభుత్వం అనేక గట్లను తొలగించింది. బ్రతుకుతెరువు పోయిందని బాధపడినవారూ ఉన్నారు, సరస్సు ఊపిరి పీల్చిందని సంతోషించినవారూ ఉన్నారు. ఎవరి మాట ఎలా ఉన్నా, సరస్సు ఎంత కుంచించుకుపోయిందో లోకానికి చూపినవి ఆకాశం నుండి ఉపగ్రహాలు తీసిన చిత్రాలే. పాత చిత్రం ప్రక్కన కొత్త చిత్రం పెట్టినప్పుడు వాదన అక్కరలేదు.

కొల్లేటికోటలో పెద్దింట్లమ్మవారిని దర్శించి, కైకలూరు సమీపంలోని ఆటపాక వద్ద గూడబాతులను చూశాము. అవి పిల్లలకు గొంతుసంచిలోని చేపలను అందిస్తున్న దృశ్యం చివరి పుటలో ఉన్నది. ఈ సరస్సు కూడా పరదత్తమే. దానిని ఇచ్చినవాడు ఈశ్వరుడు.

ఈమారు జీర్ణోద్ధరణకు పూనుకొన్నప్పుడు కార్యనిర్వాహకులను నేను ఒక్కటే అర్థించాను. కళాకర్షణ జరిపి స్వామివారిని బాలాలయానికి వేంచేపు చేసిన తర్వాతనే కదా పని మొదలయ్యేది. ఆ మధ్యకాలంలో ఒక్క రాయి కదిలించక మునుపే ప్రాకారం, మండపం, నంది, ధ్వజస్తంభ పీఠం అన్నింటినీ నాలుగు దిక్కుల నుండి ఫోటోలు తీయించమన్నాను. వారు సంతోషంగా అంగీకరించారు. ప్రతి చిత్రం వెనుక తేదీ, దిక్కు, స్థలం వ్రాయించాము. కంప్యూటరులో ఉన్నవి ఏనాడైనా చెరిగిపోవచ్చునని కాగితం మీద ముద్రింపించి ఒక ప్రతిని ఆలయంలోను, మరొక ప్రతిని వేరొకచోట భద్రపరచాము. నేలను తవ్వినన్ని రోజులూ ప్రతి రాతినీ త్రిప్పించి చూశాను. ఆ శాసనశిల దొరకలేదు.

దాతలారా! ఈనాడు మీ పేర్లు నల్లరాతి పలకలపై చెక్కబడి ప్రాకారమంతటా ఉన్నవి. వాటిని చూసినప్పుడల్లా ఆ పాత దాత నాకు గుర్తుకు వస్తాడు. మీ పలకలకూ చిత్రాలు తీయించి భద్రపరచాము. రేపు మరొక జీర్ణోద్ధరణ వస్తుంది. అప్పటి అర్చకుడు నావలె ఏమరినా మీ పేరు పోకూడదని.

చివరగా మీ అందరికీ ఒక విన్నపం. 1991కి పూర్వం మన ఆలయ ముఖమండపంలో ఎన్నో వివాహాలు, ఉపనయనాలు, అక్షరాభ్యాసాలు జరిగాయి. ఆనాటి ఫోటోలు మీ ఇండ్లలో బీరువాల అడుగున, గోడలకు వ్రేలాడే పటాలలో ఉండవచ్చు. దయచేసి వాటిని ఒకసారి బయటకు తీయండి. వధూవరులను కాదు, వారి వెనుక గోడను చూడండి. మండపం లోపలికి చూస్తున్నట్లుగా ఫోటో తీసి ఉంటే, ఎడమవైపు సూర్యచంద్రుల బొమ్మలున్న రాయి ఏమైనా కనిపిస్తుందేమో వెదకండి. మసకగా ఉన్నా సరే, సగమే పడినా సరే. ఆ ఫోటోను ఆలయానికి తెచ్చి చూపించండి. నకలు తీసుకొని మీ ఫోటో మీకు భద్రంగా ఇచ్చివేస్తాము. ఒక్క పంక్తి చదవగలిగినా, ఒక్క పేరు తెలిసినా, ఆ దాత గోత్రనామాలు తెలియకపోయినప్పటికీ ఆ పేరుతోనే స్వామివారికి అర్చన జరిపించి ఆ ఋణం తీర్చుకొంటాను.