తిలంగాలు, చైనామన్‌లు

తాల్‌బగీచా అంటే తాటితోపు. ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని ఈ పేట చెట్టు పేరు మోస్తోంది. అక్కడికి రైలులో సుమారు 115 కిలోమీటర్ల దూరాన, కోల్‌కతాలోని ఉల్టాడాంగా ప్రాంతంలో తెలెంగాబాగాన్ అనే మరో పేట ఉంది. దుర్గాపూజ మండపాలకు పేరుపడ్డ ఆ ‘తోట’ మోస్తున్నది మాత్రం ఒక జాతి పేరు. కటక్ నగరంలోని తెలెంగా బజార్ సంగతీ అంతే. ఒక ప్రజ పేరు వీధికి అంటుకోవడంలో వింత లేదు. అదే పేరు వృత్తికో, స్వభావానికో, చివరికి ఆటలో ఒక బంతికో అంటుకున్నప్పుడు ఏం జరుగుతుందన్నదే ఇక్కడి ప్రశ్న. ఆ బంతి పేరు చైనామన్.

ఎడమచేతి స్పిన్నరు వేళ్లతో తిప్పిన బంతి కుడిచేతి బ్యాటరుకు లెగ్ వైపు నుంచి ఆఫ్ వైపుకు, అంటే అతనికి దూరంగా, తిరుగుతుంది. ఎడమచేతితోనే మణికట్టును తిప్పి వేస్తే బంతి ఎదురు దిశలో, ఆఫ్ వైపు నుంచి లోపలికి వస్తుంది. మొదటి దానిని క్రికెట్ పరిభాష ‘ఆర్థడాక్స్’ అన్నది, అంటే సంప్రదాయబద్ధం. రెండవ దానికి రెండు పేర్లు పెట్టింది: ‘అన్‌ఆర్థడాక్స్’, ‘చైనామన్’. సంప్రదాయానికి విరుద్ధం అన్న మాటకూ, చైనావాడు అన్న మాటకూ అర్థం ఒకటేనని ఆంగ్ల క్రీడాలోకం ఎప్పుడు నిర్ణయించుకుందో చూడవలసి ఉంది.

అందరికీ తెలిసిన కథ 1933 నాటిది. వెస్టిండీస్ జట్టులో ఎల్లిస్ అచాంగ్ అనే ట్రినిడాడ్ ఆటగాడు ఉండేవాడు. టెస్ట్ క్రికెట్ ఆడిన మొదటి చైనా సంతతివాడు ఆయనే. మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆయన బంతికి ఇంగ్లండ్ ఆటగాడు వాల్టర్ రాబిన్స్ స్టంప్ అవుట్ అయ్యాడు. పెవిలియన్‌కు తిరిగి వెళుతూ, ఒక చైనావాడి చేతిలో అవుట్ కావలసి వచ్చిందే అని రాబిన్స్ ఈసడించుకున్నాడనీ, అక్కడి నుంచి ఆ బంతికి ఆ పేరు వచ్చిందనీ చెబుతారు. అయితే 1926లోనే ఒక ఆంగ్ల పత్రిక యార్క్‌షైర్ బౌలర్ రాయ్ కిల్నర్ గురించి రాస్తూ ఈ మాట వాడింది. కిల్నర్‌కు చైనాతో ఏ బంధుత్వమూ లేదు. పైగా అచాంగ్ ప్రధానంగా వేసింది ‘ఆర్థడాక్స్’ బంతులే. కనుక ఈ పేరు ఒక మనిషి కారణంగా పుట్టలేదు. వంకరగా వచ్చేది, నమ్మించి దెబ్బకొట్టేది ఏదైనా చైనావాడిదే అన్న భావం ముందుగానే ఉంది. రాబిన్స్ కథ దానికి తరువాత అతికిన ముచ్చట.

వివాదం చాలాకాలం నిద్రపోయింది. 2017 మార్చిలో ధర్మశాలలో ఆస్ట్రేలియాపై కుల్‌దీప్ యాదవ్ తొలి టెస్ట్ ఆడి, మొదటి ఇన్నింగ్స్‌లో నాలుగు వికెట్లు తీశాడు. ప్రపంచమంతా మళ్లీ చైనామన్, చైనామన్ అన్నది. అప్పుడు చైనా మూలాలున్న ఆస్ట్రేలియా పాత్రికేయుడు ఆండ్రూ వూ ఈ మాటను మానుకోవాలని రాశాడు. బంగారు గనుల కాలం నుంచి ఆస్ట్రేలియాలో ఆ మాట తిట్టుగానే చెలామణి అయింది. 2018 సంచికలో విజ్డెన్ వార్షిక సంపుటి ఆ మాటను తీసివేసి, ఎడమచేతి మణికట్టు స్పిన్ అని రాయడం మొదలుపెట్టింది.

తెలుగు పత్రికలకు ఈ చర్చ పెద్దగా తగలలేదు. కుల్‌దీప్ వికెట్ తీసిన ప్రతిసారీ ‘చైనామన్ బౌలర్’ అని రాయడం అలవాటుగా సాగింది. 2017 సెప్టెంబరు 21న ఈడెన్ గార్డెన్స్‌లో అతను ఆస్ట్రేలియాపై హ్యాట్రిక్ సాధించాడు. మూడవ వికెట్‌గా కమిన్స్ ఇచ్చిన క్యాచ్‌ను వికెట్ల వెనుక పట్టింది మహేంద్ర సింగ్ ధోనీ. 2001 నుంచి 2003 వరకు ఇదే ఖరగ్‌పూర్‌లో రైల్వే టికెట్ ఎగ్జామినర్‌గా పనిచేసిన ధోనీయే. కాన్పూరు కుర్రాడి బంతికి చైనా పేరెందుకన్న సందేహం తెలుగు పాఠకుడికి రాకపోవడానికి కారణం లిపి. తెలుగు అక్షరాల్లో చైనామన్ అన్నది ఏ అర్థమూ లేని ఒక శబ్దం, గూగ్లీ, దూస్రాల సరసన మరొకటి. దానినే అనువదించి ‘చీనావాడి బంతి’ అని శీర్షిక పెట్టమంటే ఏ సంపాదకుడూ ఒప్పుకోడు. మాట లోపలి మనిషి కనబడనంత సేపే మాట నిర్దోషిగా ఉంటుంది.

ఎవరినీ కించపరచాలని అనలేదు కదా అన్నది ఎప్పుడూ వినబడే సమాధానం. ఇది అబద్ధం కాకపోవచ్చు, చాలినంత నిజమూ కాదు. వెస్టిండీస్ సారథిగా పనిచేసిన డారెన్ సామీ సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆడిన రోజుల్లో తనను ‘కాలూ’ అని పిలిచేవారని 2020 జూన్‌లో బయటపెట్టాడు. బలశాలి అని ఏదో మెచ్చుకుంటున్నారనే అంతకాలమూ అనుకున్నాడు. అర్థం తెలిసిన నాడు కోపగించాడు. తరువాత ఒక పాత సహచరుడితో మాట్లాడి, అది ప్రేమతో అన్నదేనని ఒప్పుకున్నాడు కూడా. కానీ ఆ ప్రేమకు దొరికిన మాట అదొక్కటే ఎందుకయిందన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఈ విషయంలో తెలుగువారికి ఇతరుల అనుభవాన్ని అరువు తెచ్చుకోవలసిన పని లేదు. 1756లో సిరాజుద్దౌలా కలకత్తాను పట్టుకున్నాక, దానిని తిరిగి సాధించడానికి క్లైవ్ మద్రాసు నుంచి ఓడల్లో సేనను తీసుకువెళ్లాడు. మరుసటి ఏడాది ప్లాసీలో పోరాడిన కంపెనీ సేనలో సుమారు 2,100 మంది దేశీయ సిపాయిలు ఉన్నారు. ఎర్రకోటు తొడిగి, యూరప్ పద్ధతిలో కవాతు చేసే దేశీయ సైనికుణ్ణి వంగదేశం చూడటం దాదాపు అదే మొదలు. ఆ మనుషులు తెలుగు దేశం వైపు నుంచి వచ్చారని అక్కడివారు భావించారు, ‘తిలంగా’లు అన్నారు. తరువాత కంపెనీ బెంగాల్‌లోనే, అవధ్‌లోనే, భోజ్‌పురి జిల్లాల్లోనే మనుషులను చేర్చుకుంది. తెలుగు ముక్క రాని ఆ బ్రాహ్మణ, రాజపుత్ర సిపాయిలు కూడా తిలంగాలే అయ్యారు. పద్దెనిమిదవ శతాబ్దపు బెంగాల్‌లో తిలంగా అంటే సిపాయి అనే అర్థం స్థిరపడిందని యూల్, బర్నెల్ కూర్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు 1886లో నమోదు చేసింది.

1857 వేసవికి ఈ మాట మరో మెట్టు దిగింది. మీరట్ నుంచి ఢిల్లీకి వచ్చిపడిన తిరుగుబాటు సిపాయిలను ఆ నగరపు ఉర్దూ రచయితలు తిలంగాలనే రాశారు. ఆ సిపాయిలలో అత్యధికులు అవధ్ పరిసరాలవారు. ఇళ్లు దోచినా, షరాబుల వద్ద డబ్బు గుంజినా, బాదుషా దర్బారులో మర్యాద తప్పినా ఆ నగరం తిట్టుకున్నది తిలంగాలనే. గోదావరి, కృష్ణా తీరాల రైతు బిడ్డకు ఢిల్లీలో తన పేరిట ఇంత అపకీర్తి పోగవుతోందన్న సంగతి తెలిసే మార్గమే లేదు. జాతి పేరు ముందు వృత్తి పేరయింది, ఆపై ప్రవర్తన పేరయింది. చివరకు ఆ జాతివారు ఒక్కరూ అక్కడ లేకపోయినా పేరు తన పని తాను చేసుకుపోయింది. చైనామన్ నడిచిన దారి కూడా ఇదే.

సముద్రం దాటినా తప్పలేదు. కాకినాడ దాపున ఉన్న కోరంగి రేవు నుంచి బర్మా వెళ్లిన తెలుగు కూలీలు అక్కడ ‘కోరంగీ’లయ్యారు. ఓడరేవు పేరు, కూలి పేరు, తక్కువవాడి పేరు ఒకటే అయింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగినప్పుడు ఆ పేరు కేవలం ఊరి జ్ఞాపకమేమీ కాదు.

ఖరగ్‌పూర్‌కు తెలుగువారిని తెచ్చింది బెంగాల్ నాగపూర్ రైల్వే. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి వర్క్‌షాపుకు, లోకో షెడ్డుకు వచ్చి స్థిరపడిన కుటుంబాలవి. 1927లో ఖరగ్‌పూర్ కార్మికులు సమ్మెకు దిగిన కాలంలో ఆ రైల్వే కార్మిక సంఘానికి నాయకుడు బరంపురం తెలుగువాడైన వి.వి. గిరి. అయినా ఇరుగుపొరుగు నోట వారు తెలెంగాలో, మద్రాసీలో. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషా హోదా ప్రకటించింది. శాసనసభ ఎన్నికలు నెలల దూరంలో ఉన్నాయన్న సంగతి మరచిపోనవసరం లేదు. ఓటు కోసమే అయినా, ప్రభుత్వం ఆ కాగితం మీద రాసింది మాత్రం ‘తెలుగు’ అనే. ఒక సమాజం తనను తాను ఏమని పిలుచుకుంటుందో రాజ్యం అలాగే పిలవడం చిన్న విషయమేమీ కాదు.

అదే రైల్వే పట్టణంలో దీనికి మరింత పాత ఉదాహరణ ఉంది, అదీ ఆటకు సంబంధించినదే. బెంగాల్ నాగపూర్ రైల్వే హాకీ జట్టు ఆంగ్లో ఇండియన్ల కోట. 1932 ఒలింపిక్ స్వర్ణ జట్టులో డికీ కార్, 1936 జట్టులో కార్ల్ ట్యాప్సెల్, జో గాలిబార్డీ ఆ రైల్వేవారు. 1927లో బిలాస్‌పూర్‌లో పుట్టిన లెస్లీ క్లాడియస్ ఖరగ్‌పూర్‌లో ఫుట్‌బాల్ ఆడుతూ ఉండగా, డికీ కార్ అతని చేతికి హాకీ కర్ర ఇచ్చాడు. తరువాత క్లాడియస్ మూడు స్వర్ణాలు, ఒక రజతం గెలిచాడు. వీరి సమాజాన్ని తెల్లదొరలు యురేషియన్లన్నారు, అర్ధజాతివారన్నారు, వారి ఇంగ్లీషు యాసను వెక్కిరిస్తూ ‘ఛీ-ఛీ’ అన్నారు. ఆ సమాజం పోరాడి ఆంగ్లో ఇండియన్ అన్న పేరును 1911లో ప్రభుత్వం చేత ఒప్పించుకుంది. రాజ్యాంగంలోని 366వ అధికరణం దానికి నిర్వచనం రాసింది. పాత పేర్లు పోయినందుకు హాకీకి కలిగిన నష్టమేమీ లేదు.

ఆట భాషలో రాజకీయం చొప్పించవద్దనేవారు భారత క్రికెట్ చరిత్రను కాస్త తిరగవేయాలి. బొంబాయి పోటీల్లో జట్ల పేర్లు హిందువులు, పార్సీలు, ముస్లింలు, యూరోపియన్లు. ఎవరిలోనూ ఇమడనివారి జట్టు పేరు ‘ది రెస్ట్’, మిగిలినవారు! తెలుగు మూలాలున్న సి.కె. నాయుడు 1926లో ఎం.సి.సి. మీద పదకొండు సిక్సర్లతో 153 పరుగులు చేసింది హిందూ జట్టు తరఫునే. అప్పుడది ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు. 1940 డిసెంబరులో గాంధీ ఆ పోటీలను వ్యతిరేకించాడు, 1946తో అవి ముగిశాయి.

అన్ని పాత పేర్లూ ఒక్క తూకానివా? కావు. తిలంగా అన్న మాట ఈనాడు ఢిల్లీ వీధిలో ఎవరికీ తగలదు, పుస్తకాల్లో నిద్రపోతోంది. బ్యాటు లోపలి అంచుకు తగిలి స్టంపుల పక్కనుంచి జారిన బంతిని ఫ్రెంచ్ కట్ అంటే ఫ్రాన్స్ దేశస్థుడికి నవ్వు వస్తుంది, అంతే. దానినే కొందరు చైనీస్ కట్ అంటారు. అక్కడ నవ్వు అంత సులభం కాదు, ఎందుకంటే ఆ పేరుతో దెబ్బ తినేవారు ఇంకా ఉన్నారు, ఈ దేశంలోనే ఉన్నారు. వారెన్ హేస్టింగ్స్ కాలంలో బజ్‌బజ్ దగ్గర అఛిపూర్‌తో మొదలైన చైనీయుల నివాసం కోల్‌కతాలోని టిరెట్టా బజారుకు, టాంగ్రా తోలు కార్ఖానాలకు విస్తరించింది. 1962 యుద్ధం వచ్చాక, ఇక్కడే పుట్టిన పిల్లలతో సహా సుమారు 3,000 మందిని అస్సాం, బెంగాల్‌ల నుంచి రైళ్లలో రాజస్థాన్‌లోని దేవలీ శిబిరానికి తరలించారు. వారిలో చాలామందికి చైనా అంటే తాతలు చెప్పిన ఊరు మాత్రమే.

ఇంకా దగ్గరి ఉదాహరణ హైదరాబాద్‌ది. గుత్తా జ్వాల తండ్రి తెలుగువాడు, తల్లి చైనా మహిళ. 2010 కామన్వెల్త్ క్రీడల్లో అశ్వినీ పొన్నప్పతో కలిసి డబుల్స్ స్వర్ణం, 2011 ప్రపంచ పోటీల్లో కాంస్యం ఆమెవి. 2020లో కరోనా మొదలైన నెలల్లో ఆమెను ‘సగం కరోనా’ అని వెక్కిరించారు. 2021 ఫిబ్రవరిలో చైనాలో తన అమ్మమ్మ చనిపోయిందని చెప్పుకుంటే, ఆ సంతాప సందేశం కిందే బూతులు రాశారు. ఆమె పతకాలు ఏ దేశానివో ఆ రాసినవారికి తెలియక కాదు. పేరు పాతదే కావచ్చు, గాయం పాతది కానప్పుడు మాట కాలం చెల్లిందని ఎలా అనగలం?

అమెరికాలో వాషింగ్టన్ ఫుట్‌బాల్ జట్టు యజమాని రెడ్‌స్కిన్స్ అన్న పేరును ఎన్నటికీ మార్చబోనని 2013లో చెప్పాడు. ఏడేళ్లకు, ప్రాయోజకులు వేలు చూపగానే మార్చాడు. క్లీవ్‌లాండ్ ఇండియన్స్ బేస్‌బాల్ జట్టు 2022 నుంచి గార్డియన్స్ అయింది. డబ్బు చెబితే వినడం, మనిషి చెబితే వినకపోవడం అక్కడి వింతేమీ కాదు.

చరిత్ర రాసేటప్పుడు చైనామన్ అన్న మాటను చెరపనవసరం లేదు. 1933 నాటి ముచ్చటను ఆ మాట లేకుండా చెప్పడం కుదరదు, చెప్పకపోతే అచాంగ్‌కు జరిగిందేమిటో తెలియదు. రేపటి మ్యాచ్ వార్తలో దానికి పనిలేదు. అది బంతి ఎటు తిరుగుతుందో చెప్పదు, ఏ చేతి నుంచి వచ్చిందో చెప్పదు. 2021 సెప్టెంబరులో ఎం.సి.సి. బ్యాట్స్‌మన్ బదులు బ్యాటర్ అన్నప్పుడు తెలుగు క్రీడా పుటలు పెద్ద గొణుగుడు లేకుండా మారాయి. ఇక్కడి ఇబ్బంది చోటుది. ‘ఎడమచేతి మణికట్టు స్పిన్నర్’ ఒక కాలమ్ శీర్షికలో పట్టదు. ‘మణికట్టు స్పిన్నర్’ పడుతుంది, అలాంటి శీర్షికలు ఇప్పటికే వస్తున్నాయి. చెయ్యి ఏదో రెండవ వాక్యంలో చెప్పుకోవచ్చు.