తేదీ చెప్పిన రహస్యము

ఋతుబాధలతో వచ్చిన స్త్రీని వైద్యులు మొట్టమొదట అడుగు ప్రశ్న యొకటి కలదు: "క్రిందటి ముట్టు ఏ తేదీన వచ్చినది?" ప్రశ్న చిన్నదే. కాని దాని విలువ తెలియుటకు వైద్యశాస్త్రమునకు శతాబ్దములు పట్టినది. ఆ యాలస్యమునకు మూల్యము చెల్లించినవారు స్త్రీలు.

మన ప్రాచీనులు ఈ బాధలను ఎఱుగనివారు కారు. చరకసంహిత స్త్రీల వ్యాధులను ఇరువదిగా విభజించి చెప్పినది. అధిక రక్తస్రావమును ప్రదరమని వర్ణించినది. అశోకపు పట్ట, లొద్దుగ చెక్క మన నాట చిరకాలముగా దానికి మందులు. అయినను నెలనెల దేహము లోపల జరుగు మార్పు ఏ దేశపు వైద్యులకును కంటికి కనబడలేదు.

కనబడిన పిదప పొరపాటు తగ్గలేదు, పెరిగినది. పందొమ్మిదవ శతాబ్దమున పారిస్ వైద్యుడు రెకామియే గర్భాశయపు లోపొరను గీకి తీయు పరికరమును వాడుకలోనికి తెచ్చెను. అట్లు తీసిన పొర సూక్ష్మదర్శినిలో ఒకప్పుడు పలుచగాను, ఒకప్పుడు దళసరిగాను కనబడెడిది. దళసరిగా నున్నచో వాపు వ్యాధి యనిరి. చికిత్స పేరిట మరల గీకిరి.

స్త్రీలను అడుగకయే తీర్పులు చెప్పుట ఆనాటి వాడుక. 1873లో బోస్టను వైద్యుడు ఎడ్వర్డ్ క్లార్క్, బాలురతో సమముగా చదివినచో బాలికల ఋతుధర్మము చెడునని గ్రంథము వ్రాసెను. మేరీ పుట్నమ్ జాకోబీ యను వైద్యురాలు స్త్రీలకే ప్రశ్నపత్రములు పంపెను. 268 మంది ఇచ్చిన సమాధానములను క్రోడీకరించి, ఆరోగ్యవతి యగు స్త్రీ ఆ దినములలో చదువుగాని పనిగాని మానవలసిన యవసరము లేదని వాదించెను. 1876లో ఆ వ్యాసమునకు హార్వర్డు విశ్వవిద్యాలయపు బాయిల్‌స్టన్ బహుమానము లభించినది.

పొరను గూర్చిన చిక్కు 1908లో వియన్నా నగరమున విడినది. హిట్ష్‌మన్, ఆడ్లర్ అను ఇరువురు వైద్యులు పొరను తీసిన దినము ఋతుక్రమమున ఎన్నవదియో లెక్కించి, ఆ వరుసలో పరిశీలించిరి. పలుచనగుట, దళసరియగుట వ్యాధి కాదనియు, ప్రతి మాసము జరుగు సహజక్రమమనియు తేలినది. అంతవరకు జరిగినది పున్నమి చంద్రుని చూచి వాచినాడని మందిచ్చుట వంటిది!

సహజమేదో తెలిసిన పిమ్మట దోషములు ఒక్కొక్కటిగా బయటపడినవి. 1935లో చికాగో వైద్యులు స్టైన్, లెవెంథాల్, ముట్టు సరిగా రాని యేడుగురు స్త్రీల అండాశయములు పెరిగి, చిన్న చిన్న తిత్తులతో నిండియుండుటను వర్ణించిరి. ఆనాడు వారు శస్త్రచికిత్స చేసిరి. నేడు బరువు తగ్గించుట, హార్మోను మాత్రలు ముఖ్యోపాయములు. 1957లో ఇంగ్లండునందలి షెఫీల్డులో పికిల్స్ ఋతురక్తమున కండరములను బిగియజేయు పదార్థము కలదని చూపెను. అది తరువాత ప్రోస్టాగ్లాండిన్ల జాతిదని తేలినది. కావున ఆ నొప్పి నరాల బలహీనత కాదు, నటన అంతకన్న కాదు. ఐబుప్రొఫెన్ వంటి మందులు ఆ పదార్థమునే తగ్గించును. 1962లో జపానుకు చెందిన ఒకమోతో దంపతులు ప్రకటించిన ట్రానెక్సామిక్ ఆమ్లము నేడు అధికస్రావమునకు విరివిగా వాడబడుచున్నది.

2011లో అంతర్జాతీయ స్త్రీవైద్యుల సమాఖ్య అసహజ రక్తస్రావమునకు కారణములను తొమ్మిది తెగలుగా ఏర్పరచినది. గర్భము కాదని నిర్ధారించుకొని, రక్తహీనతను పరీక్షించి, అవసరమైనచో థైరాయిడు పరీక్ష, అల్ట్రాసౌండు చేయింతురు. కొందఱికి గర్భాశయపు పొరను ముక్క తీసి చూడవలసి యుండును.

ముట్టు మాట నలుగురిలో అనరాదని మన యిండ్లలో ఆడువారు నోరు మూసికొని బాధపడుట నేటికిని కలదు. గోడ మీది క్యాలెండరున చిన్న గుర్తు పెట్టుకొనుట కష్టము కాదు. క్రమము 24 దినములకు లోపుగాని 38 దినములకు మించిగాని యుండినను, స్రావము ఎనిమిది దినములు దాటినను, నొప్పి నిత్యకృత్యములను ఆపినను వైద్యుని చూడవలెను. ముట్లుడిగిన పిదప రక్తము కనబడినచో ఒక్క దినమైనను ఉపేక్షింపరాదు. వియన్నా వైద్యులకు దారి చూపినది తేదీయే. మన యింటి ఆడువారికి దారి చూపునదియు అదియే.